యాభై రెండో ఏట శిష్యరికం

స్లైగో (ఐర్లాండ్) నుంచి

ఐర్లాండ్‌కు యూరో రాకముందు, 1994 నుంచి 2002 దాకా ఇక్కడివాళ్ల జేబుల్లో తిరిగిన ఐదు పౌండ్ల నోటు మీద ఒక నన్ బొమ్మ ఉండేది. ఆమె వెనక డబ్లిన్‌లోని మేటర్ ఆసుపత్రి కనిపించేది. అదే వరసలో పది పౌండ్ల నోటు మీద రచయిత జేమ్స్ జాయిస్, ఇరవై పౌండ్ల నోటు మీద ప్రజానాయకుడు డేనియల్ ఓకానెల్ ఉండేవారు. అంత పెద్దవాళ్ల పక్కన, మంచం పట్టినవాళ్లకు సేవ చేసిన ఒక మనిషిని నిలబెట్టారు ఈ దేశస్థులు. ఆమె పేరు కేథరిన్ మెకాలీ. మన దేశంలో ఇంగ్లీషు చదువులు పెట్టించిన మెకాలే దొరకీ ఈమెకీ సంబంధం లేదు.

ఆమె గురించి ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మేము స్లైగోలో కట్టడం పనుల మీద ఉన్నవాళ్లం. మా ఇళ్లల్లో ఆడవాళ్లు, మా గదుల్లో ఉండే కుర్రాళ్లు కొందరు నర్సింగ్ హోముల్లో కేరర్లుగా చేస్తున్నారు. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, రాత్రిళ్లు మేలుకుని ఉండటం వాళ్ల పని. యూరప్ బయటివాళ్లకు ఈ ఉద్యోగాల తలుపు ఐర్లాండ్ 2021 జూన్‌లో తెరిచింది. తెరిచినప్పుడే, వచ్చినవాళ్లు రెండేళ్లలో లెవెల్ ఫైవ్ అర్హత సంపాదించుకోవాలన్న షరతూ పెట్టింది. అలా వచ్చినవాళ్లలో కొందరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆసుపత్రిలో పని అని మాత్రం చెప్పి మాట మార్చేస్తారు. సీనియర్ కేరర్‌గా, టీమ్ లీడర్‌గా ఎదగడానికి పని చేస్తూనే నేర్చుకునే కోర్సులు ఉన్నాయంటే, ఈ వయసులో మళ్లీ ఒకరి కింద నేర్చుకోవడమా అని వెనక్కి తగ్గుతారు. మెకాలీ గారి జీవితం ఈ రెండు సందేహాలకూ జవాబు చెబుతుంది.

బిల్డర్ కూతురు

కేథరిన్ 1778లో డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి జేమ్స్ వడ్రంగిగా మొదలుపెట్టి ఇళ్లు కట్టించే స్థాయికి ఎదిగిన మనిషి. మన భాషలో చెప్పాలంటే ఉలి పట్టిన చేత్తోనే కాంట్రాక్టర్ అయినవాడు. అప్పట్లో ఐర్లాండ్‌ను ఇంగ్లండ్ పాలించేది. ఇక్కడ ఎక్కువమంది కేథలిక్కులే అయినా చదువులో, ఆస్తిలో, పదవుల్లో వాళ్ల మీద ఎన్నో ఆంక్షలుండేవి. జేమ్స్ గారు కేథలిక్కు. ఆదివారం వచ్చిందంటే చుట్టుపక్కల పేద పిల్లల్ని పోగుచేసి మత పాఠాలు చెప్పేవారు.

ఆయన 1783లో పోయారు. అప్పటికి కేథరిన్‌కు ఐదేళ్లు కూడా సరిగా నిండలేదు. తల్లి ఎలినార్ 1798లో కన్నుమూశారు. ఉన్న ఆస్తి కరిగిపోయింది. కొన్నాళ్లు మేనమామ ఇంట్లో తలదాచుకుంటే ఆ ఇల్లూ డబ్బు ఇబ్బందుల్లో పడింది. తర్వాత మరో కుటుంబం పంచన చేరారు. ఒకరి ఇంట్లో ఒదిగి ఉండటం అంటే ఏమిటో ఇరవై ఏళ్ల వయసుకే ఆమెకు తెలిసింది. వేరే దేశంలో నలుగురితో గది పంచుకుని బతికే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కూలాక్ ఇంట్లో ఇరవై ఏళ్లు

1803 ప్రాంతంలో విలియం కలహాన్ అనే ధనవంతుడి ఇంట్లో చేరారు. ఆ దంపతులకు పిల్లల్లేరు, వయసు మీద పడుతోంది. ఇల్లు చూసుకోవడం, ఇల్లాలికి తోడుగా ఉండటం కేథరిన్ బాధ్యత. తర్వాత వాళ్లు డబ్లిన్ శివార్లలోని కూలాక్ అనే పల్లెలో పెద్ద ఇంటికి మారారు. కలహాన్ గారి భార్య క్వేకర్ మతశాఖకు చెందినావిడ. ఆ ఇంట్లో కేథలిక్కుల పటాలకు, శిలువలకు చోటు లేదు. కేథరిన్ తన ప్రార్థన తనలోనే చేసుకుంటూ, వాళ్ల పద్ధతిని గౌరవిస్తూ ఇరవై ఏళ్లు గడిపారు.

ఆ ఇరవై ఏళ్లలో ఆమె చేసిన పనికి ఈ రోజు పేర్లు పెట్టుకుంటే పెద్ద జాబితా అవుతుంది. పనివాళ్లను నడపడం, ఇంటి లెక్కలు, సరుకులు, వచ్చేపోయేవాళ్లు, డాక్టర్లు, మందులు అన్నీ ఆమె మీదే. ఆ ఇల్లాలు చివరి ఏళ్లలో మంచం పట్టారు. పగలూ రాత్రీ ఆమెకు అన్నీ తానై చూసుకుంది కేథరినే. ఖాళీ దొరికితే ఊళ్లోని పేదల ఇళ్లకు వెళ్లేవారు. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పించేవారు.

నేనొక విద్య నేర్చుకుంటున్నానని అప్పుడు ఆమె అనుకుని ఉండరు. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. కానీ మా రంగంలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. సిమెంటు బొచ్చె మోసినవాడికి ఆ తడి సిమెంటు బరువు జీవితాంతం గుర్తుంటుంది. రేపు వాడు సూపర్‌వైజర్ అయితే, మనిషికి ఎన్ని బొచ్చెలు చెప్పాలో కాగితం చూడకుండానే తెలుస్తుంది. మంచంలోని మనిషిని పక్కకు తిప్పడానికి ఎంత ఓపిక కావాలో కేథరిన్‌కు అలాగే తెలిసింది.

ఇల్లాలు 1819లో, కలహాన్ గారు 1822లో పోయారు. ఆయన తన ఆస్తిలో ఎక్కువ భాగం కేథరిన్‌కు రాసిపోయారు. అది దాదాపు 25 వేల పౌండ్లు అంటారు. ఆ రోజుల్లో అది కళ్లు తిరిగే సొమ్ము. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్లు. హాయిగా కాలు మీద కాలేసుకుని బతకొచ్చు.

కమిటీ కూర్చునేదాకా

ఆమెను అలా కూర్చోనివ్వని సంఘటన ఒకటి చెబుతారు. ఒక పెద్దింట్లో పనిచేసే అమ్మాయి ఆ ఇంటి మగవాడి నుంచి ఆపద ఉందని భయపడి కేథరిన్‌ను ఆశ్రయించింది. కేథరిన్ ఒక అనాథ శరణాలయానికి వెళ్లి చోటు అడిగారు. కమిటీ ఫలానా రోజున కూర్చుంటుంది, అప్పటిదాకా ఆగమన్నారు. ఆ రోజు వచ్చేలోపే అమ్మాయి చేయి దాటిపోయింది.

పల్లెల నుంచి డబ్లిన్‌కు ఇంటిపనికి వచ్చే అమ్మాయిలు ఆ రోజుల్లో వేలల్లో ఉండేవారు. పని పోతే తలదాచుకునే చోటు లేదు, వెనక్కి వెళ్లడానికి దారి ఖర్చు లేదు. మన కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి గుర్తుకు రాకుండా ఈ కథ చదవలేం. ఆపద కమిటీ మీటింగ్ చూసుకుని రాదు. తలుపు కొట్టిన వెంటనే తెరిచే ఇల్లు ఉండాలి. కేథరిన్ తన డబ్బుతో అలాంటి ఇల్లే కట్టాలనుకున్నారు.

బ్యాగట్ స్ట్రీట్ ఇల్లు

1824లో డబ్లిన్‌లోని బ్యాగట్ స్ట్రీట్‌లో స్థలం లీజుకు తీసుకుని కట్టడం మొదలుపెట్టారు. ఊరి చివర చవకగా దొరికే జాగా కాదది, పెద్దవాళ్లు ఉండే వీధి. అలాంటి చోట పనిపిల్లలకు ఇల్లేమిటని ముక్కు విరిచినవాళ్లున్నారు. ఇల్లు లేస్తుండగానే ఆమె పేద పిల్లల బడులకు వెళ్లి పాఠం ఎలా చెబుతున్నారో చూసి నేర్చుకున్నారు. డబ్బు పెట్టేది తానే, యజమాని తానే అయినా, తెలియని పని తెలిసినవాళ్ల దగ్గర చూసి నేర్చుకోవడం ఆమె అలవాటు.

1827 సెప్టెంబర్ 24న ఆ ఇల్లు తెరుచుకుంది. ఆ రోజుకు కేథరిన్ అక్కడ మకాం పెట్టలేకపోయారు. ఆమె చెల్లెలు మేరీ క్యాన్సర్‌తో అంతకు ముందు నెలే చనిపోయారు. ఆ చెల్లెలి పిల్లలు ఐదుగురి బాధ్యత ఆమె మీద పడింది. అందుకే మొదటి రోజుల్లో ఆ ఇంటిని నడిపింది ఇద్దరు యువతులు. పేద ఆడపిల్లలకు బడి, పనిపిల్లలకు వసతి, వాళ్లకు పని నేర్పి మంచి ఇళ్లలో కుదర్చడం, రోగుల ఇళ్లకు వెళ్లి చూసి రావడం అక్కడి పనులు. మంచి కుటుంబాల అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి చేరారు.

పని పెరిగినకొద్దీ మాటలూ పెరిగాయి. వీళ్లు నన్‌లు కారు, మామూలు సంసారులూ కారు, వీళ్లను ఏమనుకోవాలని కొందరు మతపెద్దలు గొణిగారు. మగవాళ్ల పేరు చివర తగిలించే బిరుదును ఎగతాళిగా ఆమె పేరుకు తగిలించి ఉత్తరం రాసినాయన కూడా ఉన్నాడు. ఈ ఇల్లు వేరే సంఘం చేతికి పోతుందన్న పుకారు లేచింది. ఒక మతసంఘంగా ఏర్పడితే తప్ప ఈ పని నిలవదని చివరికి తేలింది. సంఘం పెట్టాలంటే పెట్టేవాళ్లు ముందు వేరే మఠంలో చేరి, కొత్త సభ్యుల శిక్షణ పూర్తి చేయాలి.

మళ్లీ మొదటి మెట్టు

ఈ జీవితం మొత్తంలో మమ్మల్ని ఆపి ఆలోచింపజేసే ఘట్టం ఇదే. 1830 సెప్టెంబర్ 8న కేథరిన్ మెకాలీ మరో ఇద్దరితో కలిసి డబ్లిన్‌లోనే జార్జెస్ హిల్‌లో ఉన్న ప్రెజెంటేషన్ మఠంలో శిష్యురాలిగా చేరారు. మూడు వారాలైతే ఆమెకు యాభై రెండు నిండుతాయి. ఇల్లు ఆమెది, డబ్బు ఆమెది, వెనక ఆమెను నమ్ముకున్న మనుషులున్నారు. అయినా అక్కడ ఆమె స్థానం అందరికన్నా కింద. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఏ పని చేయాలో ఇంకొకరు చెబుతారు. ఆ మఠం క్రమశిక్షణ గట్టిది. ఇరవై ఏళ్ల అమ్మాయిలకు పెట్టే పద్ధతే ఆమెకూ పెట్టారు.

దీంట్లో పణం పెట్టింది చిన్నది కాదు. ఆమె అక్కడ ఉన్న పదిహేను నెలల్లో బ్యాగట్ స్ట్రీట్‌లో మిగిలినవాళ్లు అనుభవం లేక, శక్తికి మించి పనిచేసి జబ్బుల పాలయ్యారు. వాళ్లలో ఒకరు చనిపోయారు కూడా. కేథరిన్ పరుగెత్తి వెళ్లడానికి లేదు. మధ్యలో బయటికి వస్తే శిక్షణ చెల్లదు, శిక్షణ చెల్లకపోతే ఇల్లే నిలవదు. వీళ్లు తమ సంఘంలో ఉండిపోరు కదా, వీళ్లకు చివరి ప్రమాణం చేయించవచ్చా అని ఆ మఠంలోనే అనుమానాలు లేచాయి. ఆఖరి రోజుల దాకా ఏ సంగతీ తేలలేదు.

చివరికి 1831 డిసెంబర్ 12న ముగ్గురూ ప్రమాణం చేశారు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, అంటే కరుణ సోదరీమణుల సంఘం ఆ రోజు పుట్టింది. ముగ్గురిలో ఒకరైన ఎలిజబెత్ హార్లీ క్షయతో నాలుగు నెలలకే కన్నుమూశారు. ఆ శిష్యరికానికి వాళ్లు అంత ధర చెల్లించారు.

మరి నేర్చుకున్నదేమిటి? తన మాట చెల్లని చోట ఎలా ఉండాలో నేర్చుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు కఠినత్వం ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ విరిచేస్తుందో లోపలి నుంచి చూశారు. తన సంఘం కోసం ఆ మఠం నియమావళినే ఆధారంగా తీసుకుని, దానికి రెండు అధ్యాయాలు కొత్తగా చేర్చారు. ఒకటి రోగుల్ని చూడటం గురించి, రెండోది ఆపదలో ఉన్న ఆడవాళ్లకు ఆశ్రయం ఇవ్వడం గురించి. ఇంజనీరు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను తీసుకుని, సైట్ మీద తెలిసిన సంగతులు దానికి చేర్చినట్టు. ప్రాణం పోయే ఘడియ కాకపోతే, రోగికి ముందు బాధ తగ్గించాలనీ, శుభ్రత, సుఖం చూడాలనీ, మత బోధ ఆ తర్వాతేననీ అందులో నేర్పారు. కూలాక్‌లో ఇరవై ఏళ్లు మంచం పక్కన ఉన్న మనిషి మాత్రమే ఆ వరస అలా పెట్టగలదు.

కలరా ఏడు

సంఘం పుట్టి నాలుగు నెలలైనా కాకముందే పరీక్ష వచ్చింది. గంగ డెల్టాలో పుట్టి దేశాలు దాటుకుంటూ వచ్చిన కలరా 1832లో ఐర్లాండ్‌ను ముట్టింది. డబ్లిన్ టౌన్‌సెండ్ స్ట్రీట్‌లో పెట్టిన తాత్కాలిక ఆసుపత్రిలో సేవకు సిస్టర్స్ ఆఫ్ మెర్సీ వెళ్లారు. నాలుగేసి గంటల వంతులు వేసుకున్నారు. కేథరిన్ మాత్రం రోజంతా అక్కడే ఉండేవారు. ఆసుపత్రికి వెళితే చంపేస్తారని, బతికుండగానే పాతిపెడతారని జనం భయపడేవారు. ఆ భయం పోగొట్టడానికి ఆమె ప్రతి మంచం దగ్గరా స్వయంగా నిలబడేవారు. ఒకసారి కాన్పయిన వెంటనే కలరాతో చనిపోయిన తల్లి బిడ్డను తన శాలువాలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

అదే ఏడు మా స్లైగోను కలరా ఊడ్చేసింది. ఐర్లాండ్‌లో ఘోరంగా దెబ్బతిన్న ఊళ్లలో ఇది ఒకటి. వందల మంది పోయారు, ఉన్నవాళ్లు ఊరు విడిచి పరుగెత్తారు. డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ తల్లి షార్లెట్ చిన్నప్పుడు ఇదంతా ఇక్కడే కళ్లారా చూసి, తర్వాత రాసిపెట్టారు. అంత కష్టంలో స్లైగోకు మెర్సీ సిస్టర్లు లేరు. వాళ్లు రావడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది.

నిలబెట్టి వచ్చేయడం

అప్పట్లో నన్‌లంటే మఠం గోడల లోపలే ఉండేవారు. మెర్సీ సిస్టర్లు వీధుల్లో నడిచి పేదల ఇళ్లకు వెళ్లేవారు కాబట్టి జనం వాళ్లకు నడిచే నన్‌లని పేరు పెట్టారు. 1836 నుంచి ఐదేళ్లలో టల్లామోర్, చార్లెవిల్, కార్లో, కార్క్, లిమరిక్, గాల్వే, బర్ ఊళ్లలో, ఇంగ్లండ్‌లో లండన్ బర్మండ్సీలో, బర్మింగ్‌హామ్‌లో కొత్త ఇళ్లు లేచాయి. ప్రతిచోటికీ ఆమె స్వయంగా వెళ్లారు. టల్లామోర్‌కు కాలువ పడవ మీద వెళ్లారు. గుర్రపు బళ్లలో, గతుకుల దారుల్లో ఆరోగ్యం పాడవుతున్నా ఆగలేదు.

ఆమె పద్ధతి ఒకటే. తన దగ్గర పని నేర్చుకున్న ఒకరిని పెద్దగా పెట్టడం, దాదాపు నెల రోజులు పక్కనే ఉండటం, తర్వాత పెత్తనం వాళ్లకే వదిలేసి వచ్చేయడం. టల్లామోర్‌లో తనతో జార్జెస్ హిల్‌లో శిష్యరికం చేసిన మేరీ ఆన్ డోయల్‌ను పెట్టారు. కార్క్‌లో పెట్టిన క్లేర్ మూర్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. లిమరిక్‌లో ఎలిజబెత్ మూర్ బాధ్యత చూసి బెదిరిపోతే నెల కాదు, మూడు నెలలు పక్కనే ఉన్నారు. ఆమెను తప్పించి ఇంకొకరిని పెట్టలేదు. ఆ ఎలిజబెత్ తర్వాత మంచి నాయకురాలిగా పేరు తెచ్చుకున్నారు.

సైట్ మీద కూడా ఇదే తేడా. కొందరు సూపర్‌వైజర్లు తాము లేకపోతే పని ఆగిపోవడాన్ని గొప్పగా చెప్పుకుంటారు. తాము లేకపోయినా గోడ నిట్టనిలువుగా లేస్తే అదే గొప్ప అని కేథరిన్ అనుకున్నారు.

బిల్లు గొడవ

ఆమె చేసిన ప్రతి పనీ కుదిరిందని కాదు. డబ్లిన్ పక్కన కింగ్స్‌టౌన్‌లో, అంటే ఇప్పటి డన్ లేరీలో, వీధుల్లో తిరిగే ఆడపిల్లల కోసం ఒక బండ్ల కొట్టాన్ని బడిగా మార్చాలనుకున్నారు. తన వంతుగా యాభై పౌండ్లు ఇస్తానన్నారు. మిగతాది ఊరివాళ్లు చూసుకుంటారని నమ్మారు. కట్టడం పూర్తయ్యాక వందల పౌండ్ల బిల్లు మొత్తం ఆమె పేరునే వచ్చింది. బిల్డర్ కోర్టుకెక్కాడు. నోటీసు పట్టుకుని మనుషులు ఆమె కోసం తిరిగారు. చివరికి 1838లో ఆ ఇల్లు మూసేశారు, మళ్లీ తెరవడానికి 1840 దాకా ఆగాల్సి వచ్చింది.

ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోని పని ఏమవుతుందో కాంట్రాక్టు పనుల్లో ఉన్న మనకు బాగా తెలుసు. బిల్డర్ కూతురికీ ఆ పాఠం తప్పలేదు. మంచి మనసుతో పాటు లెక్క కూడా ఉండాలి. కేర్ రంగంలో పైకి రావాలనుకునేవాళ్లు మనుషుల్ని చూసుకోవడంతో పాటు రోస్టర్లు, రికార్డులు, ఖర్చులు నేర్చుకోవాల్సింది అందుకే.

చివరి రోజులు, తర్వాతి కాలం

క్షయతో కేథరిన్ 1841 నవంబర్ 11న బ్యాగట్ స్ట్రీట్ ఇంట్లోనే కన్నుమూశారు. తాను పోయాక చుట్టూ ఉన్నవాళ్లందరికీ మంచి టీ ఇవ్వమని చివరి ఘడియల్లో చెప్పారని వాళ్ల సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చనిపోయే మనిషి రాత్రంతా మేలుకున్నవాళ్ల అలసట గురించి ఆలోచించింది. అప్పటికి సంఘంలో దాదాపు 150 మంది సిస్టర్లున్నారు. ఇళ్లలో పన్నెండు ఐర్లాండ్‌లో, రెండు ఇంగ్లండ్‌లో.

ఆమె తయారుచేసినవాళ్లు ఆమె లేకుండానే నడిచారు. ఫ్రాన్సిస్ వార్డ్ 1843లో అమెరికా వెళ్లారు. ఉర్సులా ఫ్రేన్ 1846లో ఆస్ట్రేలియా చేరారు. కార్క్‌లో ఇరవై మూడేళ్లకే పెద్ద అయిన క్లేర్ మూర్ 1854లో క్రిమియా యుద్ధ గాయపడినవాళ్ల సేవకు ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో వెళ్లారు. ఆ పెత్తనానికి తనకన్నా ఈమే తగినదని నైటింగేల్ అంతటి మనిషి ఒప్పుకున్నారు. 1846లో, బంగాళదుంప పంట కుళ్లి ఐర్లాండ్ ఆకలితో మలమలమాడుతున్న రోజుల్లో, మెర్సీ సిస్టర్లు స్లైగోకు వచ్చారు. ఊళ్లో చాపెల్ హిల్ మీద ఉన్న మెర్సీ కాలేజీ పేరు అక్కడి నుంచి వచ్చిందే. మన పిల్లల్ని బడిలో దింపడానికి ఆ దారిన వెళ్లేవాళ్లు ఈసారి ఆ పేరు వంక ఒకసారి చూడండి.

చెప్పకూడని సంగతి అని ఒకటి దాచిపెడితే ఈ కథ పూర్తి కాదు. ఇరవయ్యో శతాబ్దంలో మెర్సీ సిస్టర్లతో సహా అనేక మతసంఘాలు నడిపిన పిల్లల హాస్టళ్లలో పిల్లలు హింస అనుభవించారని 2009లో ప్రభుత్వ విచారణ సంఘం నివేదిక తేల్చింది. ఆడవాళ్లతో జీతం లేకుండా చాకిరీ చేయించుకున్న మేగ్డలీన్ లాండ్రీల విషయంలో 2013లో ఐర్లాండ్ ప్రధాని క్షమాపణ చెప్పారు. వాటిలో కొన్ని మెర్సీ సంఘానివే. ఆపదలో ఉన్న ఆడపిల్లకు తలుపు తీయడానికి పుట్టిన సంఘం చేతుల్లోనే ఇలా జరిగింది. అడిగేవాడు, చూసేవాడు లేని చోట సేవ పెత్తనంగా మారిపోతుంది. ఈ రోజు ఐర్లాండ్ నర్సింగ్ హోముల మీద తనిఖీలు, ఫైళ్లు, ఫిర్యాదు పుస్తకాలు ఇన్ని ఉన్నాయంటే విసుక్కోవాల్సిన పని లేదు.

మన సంగతి

సేవ నేర్పించి మనుషుల్ని నిలబెట్టడం మనకూ కొత్త కాదు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు చదువూ పనీ నేర్పించి వాళ్ల కాళ్ల మీద నిలబెట్టింది. అలాంటి వాళ్ల కథ విన్న మనం, ముసలివాళ్ల పక్క మార్చే పని తక్కువది అనుకోవడానికి కారణం కనిపించదు.

నర్సింగ్ హోముల్లో చేసే మిత్రులకు మేము చెప్పేది ఇంతే. మీరు ఇప్పుడు చేస్తున్న పని కేథరిన్ మెకాలీ కూలాక్‌లో ఇరవై ఏళ్లు చేసిన పనే. ఊరికి ఫోన్ చేసినప్పుడు దాని పేరు ఉన్నదున్నట్టు చెప్పండి. రేపు మీ మేనేజర్ ఒక కోర్సు గురించి చెబితే, పై షిఫ్టు బాధ్యత ఇచ్చి పక్కనే ఉండి నేర్పిస్తానంటే, వయసు లెక్క పెట్టకండి. మీకన్నా చిన్నవాళ్లు మీకు నేర్పిస్తున్నారని చిన్నతనం పడకండి. మీరు నేర్చుకున్నాక, మీ తర్వాత వచ్చే తెలుగు అమ్మాయికో కుర్రాడికో మొదటి నెల రోజులు పక్కనే నిలబడండి. మొదటి రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చినప్పుడు ముందు ఒక కప్పు టీ ఇవ్వండి. మిగతాది తర్వాత మాట్లాడుకోవచ్చు.